‘ప్రార్థించాము’ అనే ముద్ర

యౌవనస్థుల గది, చర్చి వెనక
జూన్ 2

ప్రియమైన అత్తకు ప్రభువు నామంలో వందనాలు.

నీకు వినపడటం ఇంకా తగ్గిందని నాన్న చెప్పాడు. ఫోనులో నీతో మాట్లాడితే వీధంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఉత్తరం. ల్యాబు నుంచి వచ్చాక పాటల ప్రాక్టీసు మొదలయ్యేలోపు పావుగంట దొరికింది. గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

ఈ ఏడు మా యౌవనస్థుల కూటానికి నేనే కార్యదర్శిని. పోయినేడు పద్దెనిమిది మందిమి, ఇప్పుడు నలభై మందిమి! సోమవారం వాక్య పోటీ, మంగళవారం పాటలు, బుధవారం నాటిక, గురువారం ఆసుపత్రిలో కరపత్రాలు, శుక్రవారం ఉపవాస కూటం, శనివారం మనవుల ప్రార్థన. ఆదివారం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలు ఒకచోట నిలవడం లేదు. "నీలాంటివాళ్లు పదిమంది ఉంటే చాలమ్మా" అన్నారు పాస్టరు గారు.

నా స్నేహితురాలు మైకు గుర్తుందా? పోయినసారి నాతో వచ్చి నీ జిగురు గిన్నెలో చెయ్యి పెట్టింది, అదే. చిన్నప్పటి నుంచి చేతికి మైకు దొరికితే వదలదని ఆ పేరు. మా స్తుతి పాటలు నడిపించేది తనే. తన నర్సింగు ఆఖరి పరీక్ష కోసం కూటమంతా ప్రార్థించాం. నేనైతే ఫలితం రాకముందే విశ్వాసంతో, మే రెండో ఆదివారం కార్యక్రమం కాగితంలో "సాక్ష్యం: పరీక్షలో దేవుడిచ్చిన విజయం" అని తన పేరు పక్కన అచ్చు వేయించేశాను. శనివారం సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఆదివారం పొద్దున్నే ముందుకు పిలిచాను. ఒక నిమిషం దానికి నోట మాట రాలేదు. తర్వాత చెప్పింది చూడు! చెబుతూ ఏడ్చింది, హాలంతా ఏడ్చింది, ముందు వరసలో వాళ్లమ్మ కూడా. ఇప్పుడు రోజూ తెల్ల యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళుతోంది. ఆగస్టులో మా వార్షికోత్సవానికి పెద్ద అతిథి వస్తున్నారు. ఆయన ముందు ఆ సాక్ష్యం మళ్లీ చెప్పిస్తాను.

ఇక నీతో పని. చర్చి గుమ్మం దగ్గర ఒక పెట్టె పెట్టాం. ఎవరైనా ప్రార్థన మనవిని చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా అందులో వేయొచ్చు. ఇప్పటికి దాదాపు మూడు వందలు వచ్చాయి. ప్రతి చీటీ మీదా "ప్రార్థించాము" అని ముద్ర వేసి దాచాం. అవన్నీ నువ్వు ఒక పుస్తకంగా బైండు చెయ్యాలి. నల్ల తోలు అట్ట, బంగారు అక్షరాలు. మనవులు రహస్యం కదా, లోపల చూపించం, అట్ట మాత్రం అందరికీ చూపిస్తాం. చేస్తావుగా?

నీ మేనకోడలు


బైండింగు షాపు, వెనక గది
జూన్ 9

నా రైలుబండికి,

నీ ఉత్తరం చదివేసరికి నాకు ఆయాసం వచ్చింది. వారానికి ఏడు రోజులేనా, ఎనిమిదోది ఎక్కడైనా అప్పు తెచ్చుకుంటున్నావా? ఇంత లోకాన్ని చేసినాయనే ఏడో రోజు కూర్చున్నాడు. నువ్వు ఆయన కంటే పనిమంతురాలివి కాబోలు.

నలభై మంది అన్నావు, సంతోషం. వాళ్లలో ఒక్కరి గురించి కూడా రాయలేదు, మైకు గురించి తప్ప. దాని గురించి రాసిందీ నాకు నచ్చలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు పెట్టినట్టుంది నువ్వు ముందే అచ్చు వేయించడం. దేవుడి తరఫున మాటివ్వమని నిన్నెవరు అడిగారు? మా ప్రెస్సులో ప్రూఫు చూడకుండా అచ్చు వేస్తే ఓనరు ఇంతెత్తున లేస్తాడు. పిల్ల పాసైంది కాబట్టి సరిపోయింది. తప్పి ఉంటే ఏం చేసేదానివి?

మా నాన్న, అంటే మీ తాత, ఎవరికోసమైనా ప్రార్థన చెయ్యాలంటే ముందు వెళ్లి ఆ మనిషి గుమ్మంలో కూర్చునేవాడు. వాళ్లు చెప్పినంతసేపూ వినేవాడు. కొన్నిసార్లు అక్కడే పొద్దు గడిచిపోయేది, ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయేది. మీరేమో మూడు వందలంటున్నారు. ఎప్పుడు చదువుతారే ఇన్ని?

పుస్తకం చేస్తాను. తెరవని పుస్తకానికి తోలు అట్ట ఎందుకో నాకు అర్థం కాలేదు, అయినా చేస్తాను. చీటీలు వారం వారం కట్టలుగానే పంపు, కలిపెయ్యకు. తిండి నిలబడి తినకు.

మీ అత్త


ల్యాబు, మధ్యాహ్నం విరామం
జూన్ 22

అత్తా,

నీకు కోపం వస్తే నీ ఉత్తరానికి ఉప్పూ కారం ఎక్కువవుతాయని నాన్న ఎప్పుడో చెప్పాడు. కట్టలన్నీ ఈ పార్సిలులో ఉన్నాయి. మొత్తం మూడు వందల పన్నెండు చీటీలు. ప్రతి కట్టకీ ఏ ఆదివారానిదో తేదీ కాగితం చుట్టాను.

ఎప్పుడు చదువుతారని అడిగావు కదా, చెబుతాను. శనివారం సాయంత్రం ఆ వారం కట్టను బల్ల మీద పెడతాం. అందరం దాని మీద చేతులుంచుతాం. ఒకరు పెద్దగా ప్రార్థన చేస్తారు. అయ్యాక నేను ముద్ర కొడతాను, మైకు పక్కన కూర్చుని ఒక్కొక్క చీటీ అందిస్తుంది. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కొక్కటి విప్పి చదివితే ఎప్పటికవుతుంది చెప్పు? రాసింది దేవుడికి, మాకు కాదు. ఆయనకు తెలియదా ఏం రాశారో?

తాతయ్య కాలం వేరు. ఇప్పుడు ఒక్క వారం ఖాళీగా వదిలితే పిల్లలు ఇటు చూడరు. కూర్చోబెట్టి వాక్యం నెమ్మదిగా చెబితే ఆవులిస్తారు. పరుగులో ఉంటేనే నిలుస్తారు. నువ్వు షాపు వెనక గదిలో దారం, సూది పెట్టుకుని కూర్చుంటావు, నీకు ఇది తెలియదు. కోపంతో రాయడం లేదు, నిజం చెబుతున్నాను.

అట్ట మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వెనక వరసకు కనపడాలి.

నీ మేనకోడలు


బైండింగు షాపు
జూలై 1, కొరియరులో

అమ్మాయీ,

నిన్న ప్రెస్సు ఓనరు చేత నీకు ఫోను చేయించాను. "అత్తకు ఒంట్లో బాగానే ఉందా" అని అడిగావట. బాగానే ఉంది, ఏదో ముఖ్యమైన మాట చెప్పాలంటోంది అని ఆయన అంటే, "మీటింగులో ఉన్నాను, నేనే చేస్తాను" అని పెట్టేశావట. సాయంత్రం దాకా చూశాం. ఆయన మళ్లీ రెండుసార్లు చేశాడు, ఎత్తలేదు. అందుకని ఇది కొరియరులో పంపుతున్నాను. నిలబడి ఉంటే కూర్చో. ఏ మీటింగులో ఉన్నా బయటికి వచ్చి చదువు.

చీటీలను బైండు చెయ్యాలంటే ఒక్కొక్కదాని అంచుకు సన్నటి కాగితం పట్టీ అతికించాలి, అప్పుడే దారం పడుతుంది. ప్రతి చీటీ నా చేతిలోకి వస్తుంది. చేతిలోకి వచ్చినదాన్ని చూడకుండా ఉండటానికి నేనేం గుడ్డిదాన్ని కాదు, చెవిటిదాన్నే. చదవకూడదని మొదట అనుకున్నాను. పదో చీటీ దగ్గర ఆ మాట మర్చిపోయాను.

నాలుగు చీటీలు ఒకే చేతిరాతవి. నాలుగూ వేరువేరు వారాల కట్టల్లో ఉన్నాయి. రాసిన మనిషికి వాక్యం చివర చుక్కకు బదులు చిన్న అడ్డగీత పెట్టే అలవాటుంది, అందుకే గుర్తుపట్టాను.

మే రెండో ఆదివారం: "ఈ పూట నన్ను ముందుకు పిలవకుండా ప్రార్థించండి".

మే నాలుగో ఆదివారం: "నాది కాని మంచిమాట నా పేరున తిరుగుతోంది. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం కోసం".

జూన్ మొదటి ఆదివారం: "రోజూ తయారై బయటికి వెళుతున్నాను. వెళ్లడానికి చోటు లేదు. నిద్ర కూడా లేదు".

జూన్ రెండో ఆదివారం: "నేను లేకపోతే అందరికీ తేలికవుతుందేమో అనిపిస్తోంది. అలా అనిపించకుండా ప్రార్థించండి. దయచేసి".

నాలుగింటి మీదా మీ ముద్ర ఉంది, తల్లీ. ఆ "దయచేసి" మీదే పడింది నాలుగోది.

ఆ చీటీలు ఇందులో పెట్టాను. ఇవి ఎవరివో ఈ రోజే కనుక్కో. అందరి ముందూ మైకులో అడగకు, ఆ మనిషి ఇంకా లోపలికి ముడుచుకుపోతుంది. పాస్టరు గారికీ ఆయన భార్యకూ ముందు చెప్పు. ఆ రాసిన మనిషి దొరికేదాకా నాకు అన్నం సహించదు.

అత్త


ఇల్లు, వరండా
జూలై 6

అత్తా,

ఆ మనిషి దొరికింది. ప్రాణాలతో ఉంది. ముందు ఈ మాట రాయాలని రాస్తున్నాను. మిగతాది నెమ్మదిగా చదువు.

కొరియరు ల్యాబుకు వచ్చింది. రక్తం గొట్టాల మధ్య బల్ల మీద విప్పాను. ఆ ల్యాబులో ఒక్క గొట్టం మీదున్న పేరు కాగితాన్ని రెండుసార్లు చూడందే నేను ముందుకు పంపను. తప్పు పడితే ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని మాకు మొదటి రోజే నేర్పారు. అక్కడ అంత జాగ్రత్తగా ఉండే నేను, చర్చిలో మూడు వందల పన్నెండింటిని చూడకుండా పంపేశాను.

సెలవు పెట్టి పాస్టరు గారి ఇంటికి పరుగెత్తాను. పాస్టరమ్మ గారు నాలుగు చీటీలూ వరసగా పరిచి చదివారు. తర్వాత, "ఈ చేతిరాత ఎవరిదమ్మా?" అన్నారు. నాకు తెలియలేదు అత్తా. నలభై మందిలో ఒక్కరి చేతిరాత కూడా నాకు తెలియదు. మేమంతా ఫోనులోనే రాసుకుంటాం. ఒక్కరి అక్షరం చూసి ఎరగను. మే రెండో ఆదివారం నేను ముందుకు పిలిచినవాళ్ల పట్టిక తీశాను. ఏడుగురు. మైకు పేరు ఉంది, కానీ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ముందుకు రావడమే దానికి ఇష్టం కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం కరపత్రాలు మానేసి అందర్నీ గదికి పిలిచాం. వచ్చినవాళ్లు ఇరవై ఆరుగురు. రానివాళ్ల ఇళ్లకు పాస్టరు గారు, మా నాన్న వెళ్లారు. వచ్చినవాళ్లందరికీ తెల్ల కాగితం ఇచ్చి, ఒక కీర్తనను చేత్తో, నెమ్మదిగా రాయమన్నాను. "ఇదేం శిక్ష అక్కా" అని గొణిగారు. కాసేపటికి గొణుగుడు ఆగింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఒక్కొక్కరి వెనకా నడుస్తూ కాగితాలు చూశాను. మైకు నా కుర్చీ పక్కనే కూర్చుంది. దాని కాగితం చివర చూశాను, అదీ మర్యాదకి.

నాలుగు పంక్తులు రాసి ఆపేసింది. నాలుగింటి చివరా అడ్డగీతలు.

అందర్నీ పంపేశాక చీటీలు దాని ముందు పెట్టాను. అది వాటిని చూసి, "రెండు నెలలైందే" అంది. ఆ గొంతు మైకులో ఎప్పుడూ వినని గొంతు. "నువ్వు ముద్ర కొట్టేటప్పుడు నా చీటీ నేనే నీ చేతికి అందించేదాన్ని. చదువుతావేమోనని చూసేదాన్ని. చదవకపోతే బతికిపోయాననుకునేదాన్ని. ఇంటికెళ్లి మళ్లీ రాసేదాన్ని" అంది.

పరీక్ష తప్పింది అత్తా. శనివారం సాయంత్రమే తెలుసు. నాకు చెబుదామని ఆదివారం ముందుగా వచ్చిందట. నేను తలుపు దగ్గర కార్యక్రమం కాగితాలు పంచుతూ, ఒకటి దాని చేతిలోనూ పెట్టి, బుగ్గ గిల్లి, "ఏడిపించాలి ఈ రోజు అందర్నీ" అని వెళ్లిపోయానట. నాకు గుర్తే లేదు. "కాగితం అచ్చయిపోయింది. అమ్మ ముందు వరసలో ఉంది. నువ్వు పిలిచేశావు. నేనేం చెయ్యను?" అంది. అప్పటి నుంచి యూనిఫాం వేసుకుని పొద్దున్నే బయలుదేరి బస్టాండులో, లైబ్రరీలో, ఎవరూ లేకపోతే చర్చి వెనక బల్ల మీద కూర్చుంటోంది. ఆగస్టులో మళ్లీ చెప్పిస్తానని నేను దాన్ని రోజూ తొందరపెడుతూనే ఉన్నాను.

ఆ రోజు నేను ప్రార్థన చెయ్యలేకపోయాను. దాని చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. పాస్టరమ్మ గారు తనను వాళ్లింట్లోనే ఉంచుకున్నారు. "కూటం పనుల్లో నాకు సాయంగా కొన్నాళ్లు ఇక్కడే ఉంటుంది" అని వాళ్లమ్మకు చెప్పి పంపారు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మందులిచ్చారు. ఒంటరిగా వదలొద్దన్నారు. వదలడం లేదు.

నేను చేసిందే ఇదంతా. ఎలా దిద్దాలో చెప్పు.

నీ మేనకోడలు


బైండింగు షాపు, వెనక గది
జూలై 11

తల్లీ,

"ప్రాణాలతో ఉంది" అన్న మాట దగ్గరే ఆగి కాసేపు ఏడ్చాను. ఓనరు వచ్చి చూసి, ఏమీ అడగకుండా టీ పెట్టి వెళ్లాడు.

నిన్ను తిట్టాలని పది రోజులుగా మాటలు పోగేసుకున్నాను. నీ ఉత్తరం చదివాక అవన్నీ పనికిరాకుండా పోయాయి. నువ్వు చెడ్డదానివి కాదు. నువ్వు ఆ పిల్లను ప్రేమించావు, కానీ దానివైపు చూడలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు ఆలస్యంగా తెలిసింది.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. మీ మామయ్య పోయినప్పుడు చర్చి మెట్ల మీద వరసగా నిలబడి అందరూ నా చెయ్యి పట్టుకున్నారు. "మీకోసం ప్రార్థిస్తున్నామమ్మా" అన్నారు. యాభై మంది అని ఉంటారు. ఒక్కరూ ఇంటికి వచ్చి కూర్చోలేదు. అందరికీ ఏదో ఒక కూటం ఉంది. నాలుగు ఆదివారాలు చూశాను. ఐదో ఆదివారం నుంచి వెళ్లడం మానేశాను. పదకొండేళ్లయింది. చెవులు వినపడక మానేశానని మీ నాన్నతో చెప్పాను. అప్పటికి నా చెవులు శుభ్రంగా వినపడేవి.

మీ కట్టల్లో నీ చీటీ కూడా చూశాను. "మా అత్త మళ్లీ సంఘానికి రావాలి" అని రాశావు. నీ అక్షరం నాకు తెలియదనుకున్నావా? దాని మీదా ముద్ర పడింది. ఎందుకు మానేసిందో మాత్రం నువ్వు నన్ను అడగలేదు.

ఎలా దిద్దాలి అన్నావు. నువ్వు ముందు పరుగు ఆపు. దాన్ని స్టేజీ ఎక్కించి నిజం చెప్పించాలని నీకు ఈపాటికి అనిపించే ఉంటుంది, నిన్నెరుగుదును. అది కూడా కార్యక్రమమే. ముందు వాళ్లమ్మకు తెలియాలి. చెప్పేది ఆ పిల్ల, చెప్పే రోజు దాని ఇష్టం. నువ్వు పక్కన కూర్చో. తర్వాత సంఘం ముందు ఎవరేం మాట్లాడాలో అదే తేల్చుకుంటుంది. వార్షికోత్సవం ఆగితే ఆగనీ. ప్రభువు మీ అతిథి కోసం ఎదురుచూడటం లేదు.

పుస్తకం పని ఆపేశాను.

మీ అత్త


యౌవనస్థుల గది
ఆగస్టు 3

అత్తా,

ఇన్నాళ్లు రాయకపోతే కోపం తెచ్చుకున్నావేమో. ఈసారి తొందరగా రాయకూడదనుకున్నాను.

మైకు దాదాపు నాలుగు వారాలు తీసుకుంది. నేను ఒక్కసారి కూడా "ఎప్పుడు చెబుతావు" అని అడగలేదు. నోటిదాకా వచ్చి మింగిన రోజులున్నాయి. రోజూ ల్యాబు అయ్యాక పాస్టరమ్మ గారి ఇంటికి వెళ్లి దాని పక్కన కూర్చుని ఒక అధ్యాయం చదివేదాన్ని. ఒక్కటే. కొన్నిరోజులు అది వింది, కొన్నిరోజులు గోడవైపు తిరిగి పడుకుంది. వాటిలో ఒకదాన్ని పోటీ కోసం నేను నాలుగు నిమిషాల్లో గడగడా ఒప్పజెప్పానని గుర్తొచ్చింది. అప్పుడు అందులో ఏముందో నాకు తెలియలేదు.

మొన్న మంగళవారం అదే లేచి, "పద, అమ్మ దగ్గరికి" అంది.

వాళ్లమ్మ ఇంటి ముందు ఇస్త్రీ బల్ల వేసి వీధి మొత్తానికీ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. మేం వెళ్లేసరికి పనిలో ఉంది. మైకు నిలబడే చెప్పేసింది. "అమ్మా, నేను పరీక్ష తప్పాను. ఉద్యోగం లేదు. చర్చిలో చెప్పింది అబద్ధం." అంతే.

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టింది. "నాకు తెలుసే" అంది. "నీ యూనిఫాం ఇస్త్రీ చేసేది నేను కాదూ? రోజంతా నిలబడి చాకిరీ చేసేదాని గుడ్డ మీద ఒక మరక ఉండదా, మందు వాసన ఉండదా? అన్నీ కూర్చున్న మడతలే. మొదటి వారమే తెలిసింది."

"మరి అడగలేదేమమ్మా?"

"అడిగితే ఏం చేసుకుంటావోనని. సంఘం ముందు అన్న మాటాయె. నువ్వే చెప్పేదాకా ఓర్చుకోవాలనుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను వీధివైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఆవిడ నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది అత్తా. "నేను కూడా మీ పెట్టెలో చీటీ వేశానమ్మా. నా బిడ్డ నోరు తెరవాలని రాశాను. మీరంతా ప్రార్థించారు. అందుకే ఈ రోజు చెప్పింది. మీ మేలు మర్చిపోను" అంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ ముఖంలో ఉన్న సంతోషం చూసి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఒక అబద్ధపు సాక్ష్యాన్ని అలా వదిలేసినందుకే కదా ఇంత దాకా వచ్చింది. "మేం చదవలేదు పిన్నీ" అన్నాను. "కట్ట మీద చేతులు పెట్టి ఒక్క ప్రార్థన చేసి ముద్ర కొట్టేశాం. మీ చీటీ నేను విప్పి చూడలేదు. మీ అమ్మాయిదీ చూడలేదు."

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. తర్వాత ఇస్త్రీ పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుని, "అయితే ఇప్పుడు చదవండి" అంది.

నిన్న ఆదివారం మైకు తనంతట తనే లేచింది. రెండు మాటలు చెప్పింది, పాట పాడలేదు. నేను దాని పక్కన నిలబడి, ఫలితం రాకముందే అచ్చు వేయించింది నేనేననీ, మూడు వందల పన్నెండు మనవుల్లో ఒక్కటీ చదవలేదనీ చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయారు. సంఘం పెద్దల్లో ఒకాయన, "పిల్లలు చర్చి పరువు బజారున పెట్టారు" అన్నారు. వార్షికోత్సవం రద్దయింది. అతిథికి పాస్టరు గారే ఉత్తరం రాశారు. నలభై మందిమి పదిహేడు మందిమి అయ్యాం. నాకు ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ పదిహేడు మందికీ చెప్పాను. ఇకనుంచి వారానికి రెండే రోజులు కలుద్దాం. ఒకరోజు ఒక్క అధ్యాయం, తొందర లేకుండా. శనివారం చీటీలు, ఒక్కొక్కటీ విప్పి, చదివి, ఆ మనిషి ఏ బాధలో రాసి ఉంటారో తలుచుకుని, అప్పుడు ప్రార్థన. గంటలో నాలుగే అయితే నాలుగే. ఎవరో ఒకరు ఆవులిస్తారనుకున్నాను. మైకు తమ్ముడు చెయ్యెత్తి, "ముద్ర ఏం చేద్దాం అక్కా?" అన్నాడు. పెట్టెలో పెట్టి తాళం వేశాం.

చీటీలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. పిన్ని రాసింది ఎక్కడుందో వెతికిపెట్టు. మొదట అదే చదువుతాం.

అత్తా, ఇంకొకటి. మామయ్య పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేనూ నిన్ను అడగలేదు. ఈ నెలాఖరుకు నాలుగు రోజులు సెలవు పెట్టాను. నీ దగ్గరికి వస్తున్నాను. కార్యక్రమం ఏమీ లేదు, ఊరికే కూర్చోవడానికి.

నీ మేనకోడలు


బైండింగు షాపు, వెనక గది
ఆగస్టు 10

నా తల్లికి,

ఇక నిన్ను రైలుబండి అనను.

ఆ తల్లి చీటీ దొరికింది. జూన్ రెండో ఆదివారం కట్టలో ఉంది. పెన్సిలుతో రాసింది: "నా బిడ్డ నా దగ్గర ఏదో దాస్తోంది. అది నోరు తెరిచేదాకా దాని ప్రాణం నిలబెట్టమని ప్రార్థించండి". కూతురు నాలుగో చీటీ వేసిందీ ఆ ఆదివారమే. ఒకే ఇంటి నుంచి వచ్చి ఒకే పెట్టెలో వేశారు ఇద్దరూ. తల్లి చీటీ వెనకవైపు మీ ముద్ర సిరా తడి అంటుకుని ఉంది, తిరగేసిన అక్షరాలతో. కూతురి చీటీ మీద ముద్ర ఆరకముందే ఇది దాని పైన పడిందన్నమాట. నీ చేతి కింద ఆ రెండూ అంత దగ్గరగా ఉన్నాయి. నిన్ను బాధపెట్టాలని కాదు, నీకు తెలియాలని రాశాను.

మిగతావి కూడా పార్సిలు కట్టాను. అతికించిన పట్టీలన్నీ తడిపి ఊడదీశాను. ఇవి బైండు చేసేవి కావు. చేస్తే ఎవరూ తెరవరు. విడివిడిగా చేతికి రావాలి.

ఒకటి చెప్పాలి. నువ్వు పంపినవి మూడు వందల పన్నెండు. నేను పంపుతున్నవి మూడు వందల పదమూడు. పదకొండేళ్లుగా ఎవరినీ అడగనిది ఒకటి నేనూ రాసి వాటిలో కలిపాను. ఏ కట్టలో ఉందో చెప్పను. పేరు పెట్టలేదు. నువ్వు వచ్చినప్పుడు కూడా దాని గురించి అడగకు, వరసగా చదువుకుంటూ రండి. ఈ ఏడు దాని వంతు రాకపోతే పై ఏడు వస్తుంది.

మీ అత్త